ఆ సిస్టర్ డ్యూటీలో లేని వారం ఏది?

రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం. గర్భిణుల చెకప్ గదిలో బీపీ మెషిన్ సర్దుతున్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. బయట బెంచీ దగ్గర ఒకావిడ మా ఆయమ్మతో గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఆ పొడుగు సిస్టర్‌కి నైట్ డ్యూటీ ఏ వారం పడుతుందమ్మా? ఆవిడ లేనప్పుడు వద్దామని అడుగుతున్నా."

పొడుగు సిస్టర్ అంటే నేనే. లేబర్ రూమ్‌లో 17 ఏళ్లుగా పనిచేస్తున్నాను.

నొప్పులు ఎప్పుడు మొదలవుతాయో ఎవరి చేతిలోనూ లేదు. అది ఆవిడకీ తెలుసు, ఇది రెండో కాన్పు. అయినా అడిగింది. నేను లేని వారానికి నొప్పులు వాయిదా వేసుకునే వీలుంటే వేసుకునేదే.

ముందు నాకు వచ్చింది కోపం. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. ఎంతమందికి పురుళ్లు పోశాను, ఎన్ని రాత్రులు కాళ్ల మీదే గడిపాను, చివరికి నా గురించి ఇలా వాకబు చేస్తారా అనిపించింది. లోపలికి పిలిచాను. నన్ను చూసి ఆవిడ బెంచీ మీద నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. ఎనిమిదో నెల నిండుతోంది, కడుపు బరువు. కానీ ఆ ఆలస్యం కడుపు బరువు వల్ల కాదని ముఖం చూస్తేనే తెలిసింది.

"నా మొదటి కాన్పు మీరే చేశారు" అంది. నాలుగేళ్ల కిందట. నాకు గుర్తు లేదు. ముఖం కూడా పోల్చుకోలేకపోయాను.

ఏం జరిగిందని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నేల వైపు చూస్తూ వరసగా చెప్పింది, మనసులో ఎన్నోసార్లు చెప్పుకున్న మాటల్లాగా.

"నా తొడ మీద కొట్టారు. రెండుసార్లు. రెండోసారి గట్టిగా. నేను అరుస్తుంటే 'అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా' అన్నారు. గోడ దగ్గర చదువుకునే అమ్మాయిలు నలుగురు ఉన్నారు. వాళ్లు నవ్వారు. 'కాళ్లు మూసుకుంటే నీ బిడ్డని నువ్వే చంపుకున్నట్టు' అన్నారు. కుట్లు వేసేటప్పుడు నొప్పి తెలుస్తోంది సిస్టర్ అంటే, 'బిడ్డనే కన్నావు, ఇదో లెక్కా, కదలకు' అన్నారు."

ఆగి, ఇంకో మాట అంది. "బిడ్డ పుట్టగానే ఏడవలేదు. మీరే ఏడిపించారు. అది కూడా గుర్తుంది."

ఆవిడని అడిగి, సరే అన్నాకే ఇది రాస్తున్నాను. ఆవిడ ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. మాటలు మాత్రం మార్చలేదు.

ఆ సాయంత్రం పాత రిజిస్టర్ తీయించాను. దొరికింది. నా చేతిరాతే. వయసు 19. మొదటి కాన్పు. పుట్టిన సమయం, బరువు, మాయ పూర్తిగా పడిందా లేదా, ఎన్ని కుట్లు, అన్నీ ఉన్నాయి. బిడ్డ ఆలస్యంగా ఏడ్చిందని, ఆక్సిజన్ పెట్టామని ఉంది. చివరి గడిలో "సుఖప్రసవం. తల్లీ బిడ్డా క్షేమం."

ఈ రెండు మాటలూ నేను కొన్ని వేలసార్లు రాసి ఉంటాను. సుఖప్రసవం అంటే ఆపరేషన్ లేకుండా అయిందని మా లెక్క. ఎవరి సుఖం అని ఎప్పుడూ ఆలోచించలేదు. తల్లీ బిడ్డా క్షేమం అన్నాక ఇంక అడగడానికి ఏమీ ఉండదు. బయట ఎదురుచూసే వాళ్లకి ఆ మాటతో ప్రాణం లేచొస్తుంది. లోపల బల్ల మీద ఉన్న మనిషి మాత్రం ఆ మాట విన్నాక ఫిర్యాదు చేసే హక్కు పోగొట్టుకుంటుంది. బిడ్డ బాగుంది కదా, ఇంకా ఏంటి నీ బాధ అంటారు. ఆవిడ తల్లి కూడా అదే అందట.

ఇది ఎలా మొదలవుతుందో బయటివాళ్లకి తెలియదు కాబట్టి చెప్తాను.

నాకు పని నేర్పిన సీనియర్ సిస్టర్ చేతివాసి గొప్పది. బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు పడిన బిడ్డని కూడా గాభరా లేకుండా బయటికి తీసేది. ఆవిడ చేతుల్ని చూసి నేర్చుకున్నాను. ఆవిడ నోటిని కూడా చూసి నేర్చుకున్నాను. "మెత్తగా మాట్లాడితే నెత్తికెక్కుతారు, ముక్కరు" అనేది. ఆ మాట చేతివాసిలో భాగమేనని, రెండూ కలిపి వస్తేనే పని వచ్చినట్టని అనుకున్నాను. మొదటిసారి నేను ఒకామెని గదమాయించినప్పుడు ఆ సీనియర్ నా వైపు చూసి తల ఊపింది. ఆ రోజు నేను నర్సునయ్యానని ఇంటికెళ్లి సంతోషపడ్డాను.

రాత్రి డ్యూటీలో ఇద్దరం సిస్టర్లం, ఐదు బల్లలు. ఒక్కోసారి ఆరో మనిషి నేల మీద పరుపు వేసుకుని ఉంటుంది. డ్యూటీ డాక్టర్ ఆపరేషన్ థియేటర్‌లో. బిడ్డ గుండె కొట్టుకోవడం నిమిషానికి 110కీ 160కీ మధ్య ఉండాలి. తల కిందికి దిగుతున్నప్పుడు అది 90కి పడిపోయి మళ్లీ పైకి రాకపోతే మన గుండె జారిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆమె భయంతో తొడలు దగ్గరికి తెచ్చుకుంటుంది. అప్పుడే చెయ్యి లేస్తుంది. బిడ్డ కోసమే కొట్టాను అని మనకి మనం చెప్పుకుంటాం. ఈ వివరణతో నేను 17 ఏళ్లు హాయిగా నిద్రపోయాను.

ఆవిడ వచ్చి వెళ్లాక నిద్ర పట్టక, దీని మీద ఎవరేం రాశారో వెతకడం మొదలుపెట్టాను. ముందు ఇది మా ఆస్పత్రి గొడవే అనుకున్నాను. కాదు. 2014లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆస్పత్రుల్లో ప్రసవ సమయంలో జరిగే అగౌరవాన్నీ హింసనీ ఆపాలని ప్రకటన చేసింది. అంతకుముందు 2010లో డయానా బౌజర్, క్యాథ్లీన్ హిల్ అనే ఇద్దరు ఇవన్నీ ఏడు రకాలుగా విడదీసి రాశారు. కొట్టడం, చెప్పకుండా చేయడం, చాటు లేకుండా చేయడం, చులకనగా మాట్లాడటం, మనిషిని బట్టి తేడా చూపడం, ఒంటరిగా వదిలేయడం, డబ్బు కట్టలేదని ఆస్పత్రిలోనే ఆపేయడం. ఆ ఏడింటిలో ఆరు నేను చేశాను, లేదా చూస్తూ ఊరుకున్నాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపింది 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం. ఘనా, గినియా, మయన్మార్, నైజీరియా దేశాల్లో పరిశీలకులు లేబర్ రూముల్లోనే ఉండి, 2016 మంది స్త్రీల ప్రసవాలు కళ్లారా చూసి రాసుకున్నారు. వారిలో 838 మంది దెబ్బలో, తిట్లో, వివక్షో ఎదుర్కొన్నారు. నూటికి 40 మందికి పైనే. పరిశీలకులు పక్కన ఉన్నారని తెలిసి కూడా ఇంత జరిగింది. ఎవరూ లేనప్పుడు ఎంత జరుగుతుందో మా లాంటి వాళ్లకి చెప్పక్కర్లేదు.

అందులో సమయం లెక్క ఉంది. తిట్లూ దెబ్బలూ ఎక్కువగా పడేది బిడ్డ పుట్టడానికి అరగంట ముందు నుంచి, పుట్టిన పావుగంట తర్వాత వరకు. మొదటి సగం చదివి, చూశారా, బిడ్డకి ప్రమాదం ఉన్నప్పుడే కదా అనుకున్నాను. నా వివరణకి బలం దొరికినట్టే అనిపించింది. తర్వాత రెండో సగం మళ్లీ చదివాను. పుట్టిన తర్వాత పావుగంట. బిడ్డ బయటికి వచ్చేసింది, ఏడ్చింది. మరి అప్పుడెందుకు? "బిడ్డనే కన్నావు, ఇదో లెక్కా" అని నేను అన్నది బిడ్డ పుట్టాకే.

అదే అధ్యయనంలో ఇంకో సంగతి. ఇలాంటివి ఎక్కువగా ఎదుర్కొన్నది చిన్న వయసు వాళ్లు, చదువు లేని వాళ్లు. బిడ్డ గుండె ఎవరి కడుపులోనైనా పడిపోవచ్చు. తొడలు ఎవరైనా దగ్గరికి తెచ్చుకుంటారు. నా భయమే కారణమైతే ఆ భయం అందరి మీదా ఒకేలా పడాలి కదా. భయం ఎవరి చదువూ చూడదు. నా చెయ్యి చూసింది.

ఎప్పుడో ఒక రాత్రి ఒక పెద్ద డాక్టరుగారి కోడలు వచ్చింది. అదే పరిస్థితి. గుండె 90కి పడింది, ఆమె కాళ్లు బిగించేసింది, నన్ను తన్నింది కూడా. నేనేం చేశానో బాగా గుర్తుంది. ఆమె చెవి దగ్గరికి వంగి, "మేడమ్, నా మాట వినండి. నా కళ్లలోకి చూడండి. నొప్పి వచ్చినప్పుడు గడ్డం కిందికి పెట్టి ముక్కండి, నేను ఇక్కడే ఉన్నాను" అన్నాను. మూడు నొప్పులకి బిడ్డ వచ్చేసింది. అంటే ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. ఆ రోజు ముందూ తెలుసు, ఆ 19 ఏళ్ల పిల్ల బల్ల ఎక్కిన రోజూ తెలుసు. కొడితే అడిగేవాళ్లు లేరని కూడా తెలుసు. చేతిని ఆపింది, లేపింది ఆ రెండో తెలివే.

నువ్వు, మీరు అనే రెండు మాటలు గమనించండి. చెకప్ గదిలో "మీరు కూర్చోండి" అంటాం. లేబర్ రూమ్ తలుపు దాటగానే బట్టలు మారతాయి, పేరు పోయి "మూడో బల్ల" అవుతుంది, "పైకెక్కు, కాళ్లు మడువు" మొదలవుతుంది. కొందరికి బిడ్డ తల కనిపించేదాకా "మీరు" నిలుస్తుంది. కొందరికి గేటు దగ్గర కూడా ఉండదు. ఎవరికి ఏ మాట వాడాలో మాకు ఎవరూ నేర్పలేదు, కేస్ షీట్ చూడకుండానే తెలిసిపోతుంది.

చెయ్యి వేసి చూసే పరీక్ష గురించి కూడా చెప్పాలి. మేం పీవీ అంటాం. గర్భాశయం నోరు ఎంత తెరుచుకుందో వేళ్లతో చూడటం. అది అవసరమే. కానీ ఎన్నిసార్లు, ఎంతమంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రసవ సంరక్షణ మీద 56 సిఫార్సులు ఇచ్చింది. నొప్పులు బాగా పట్టుకున్నాక నాలుగు గంటలకొకసారి చూస్తే చాలంది. మా దగ్గర చదువుకునే అమ్మాయిలకి నేర్పాలని ఒకరి తర్వాత ఒకరు చూసేవారు. నేనే "రండి, చూడండి" అని పిలిచేదాన్ని. బల్ల మీద ఉన్న మనిషిని అడగాలని నాకు తోచలేదు. ఆ అమ్మాయిలకీ తోచలేదు, ఎందుకంటే వాళ్లకి నేర్పుతున్నది నేను. లాన్సెట్ అధ్యయనంలో గమనించిన పీవీల్లో 59 శాతం ఆమె అనుమతి లేకుండానే జరిగాయి. బిడ్డ బయటికి రావడానికి కింద కోత పెట్టడం అయితే 253 మందిలో 190 మందికి అడక్కుండానే పెట్టారు. ఆ కోత అందరికీ అలవాటుగా పెట్టకూడదని 2018 సిఫార్సుల్లోనే ఉంది. బిడ్డని దించడానికి పొట్ట మీద చేతులతో బలంగా నొక్కడం కూడా వద్దన్నారు. ఈ రెండూ నేను మొదటి కాన్పు అనగానే చేసేసేదాన్ని.

అడగడానికి ఎంత సమయం పడుతుందో ఇప్పుడు నాకు లెక్క తెలుసు. "ఇప్పుడు లోపల చెయ్యి పెట్టి చూడాలి. ఈ నొప్పి తగ్గాక చూస్తాను, సరేనా? ఆపమంటే ఆపేస్తాను." పది సెకన్లు కూడా పట్టదు. ఐదు బల్లలున్న రాత్రి కూడా పది సెకన్లు ఉంటాయి.

1957లో అమెరికాలో ఒక నర్సు లేడీస్ హోమ్ జర్నల్ అనే పత్రికకి చిన్న ఉత్తరం రాసింది. ప్రసవాల గదుల్లో స్త్రీలని పెడుతున్న హింస మీద విచారణ చేయమని అడిగింది. పేరు వేయొద్దంది. అది అచ్చయ్యాక దేశమంతటి నుంచీ తల్లులు ఉత్తరాలు రాశారు. చేతులూ కాళ్లూ బల్లకి కట్టేశారని, డాక్టరు వచ్చేదాకా బిడ్డ రాకుండా కాళ్లు దగ్గరికి పట్టి ఉంచారని, గంటల కొద్దీ ఒంటరిగా వదిలేశారని. 1958 మేలో పత్రిక వాటిని ప్రచురించింది. 1960లో బ్రిటన్‌లో శాలీ విల్లింగ్టన్ తన సొంత ప్రసవ అనుభవంతో ఒక సంఘం మొదలుపెట్టింది. దానికి మొదట పెట్టిన పేరే గర్భిణుల పట్ల క్రూరత్వ నివారణ సంఘం. డబ్బున్న దేశాల్లో, అధునాతన ఆస్పత్రుల్లో ఇదంతా. ఆ నర్సు ఎవరో నాకు తెలియదు గానీ, ఈ రెండు నెలల్లో ఆవిడ గురించి ఆలోచించని రోజు లేదు. ఆవిడ చూసి రాసింది. నేను చేసి, పట్టుబడ్డాక రాస్తున్నాను.

"ప్రసూతి హింస" అనే మాటకి 2007లో వెనిజులా తన చట్టంలో చోటిచ్చింది. 2009లో అర్జెంటీనా కూడా. కొన్నేళ్ల కిందట ఒక శిక్షణలో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను లేచి నిలబడి వాదించాను. రాత్రంతా తిండీ నిద్రా లేకుండా ప్రాణాలు కాపాడుతుంటే మమ్మల్ని హింసించేవాళ్లంటారా అన్నాను. పక్కనున్న సిస్టర్లు చప్పట్లు కొట్టారు. ఆ మాట కటువుగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ 2013లో కెన్యాలో ఒకామె బల్లలు ఖాళీ లేక ఆస్పత్రి నడవాలో నేల మీదే ప్రసవించింది. నేల పాడు చేశావని నర్సులు ఆమెని తిట్టారు, కొట్టారు. 2018లో హైకోర్టు ఆమెకి నష్టపరిహారం ఇమ్మంది. స్పెయిన్‌లో ఒకామెకి పదిసార్లు పీవీ చేసి, చెప్పకుండా నొప్పులు పెంచే మందు ఎక్కించి, చెప్పకుండా కోత పెట్టారు. 2020లో ఐక్యరాజ్యసమితి కమిటీ ఆమె హక్కులకి భంగం కలిగిందని తేల్చింది. ఈ రెంటికీ హింస కాకుండా వేరే ఏ మాట పెట్టమంటారు?

మా పక్షాన కూడా ఒక మాట ఉంది. దాన్ని సాకుగా వాడుకోకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను. నేల మీద పరుపు వేయాల్సి రావడం నా తప్పు కాదు. ఇద్దరే ఉండటం నా తప్పు కాదు. అందరి ముందూ డాక్టరు నన్ను "బుర్ర ఉందా" అని అరిస్తే, ఆ అవమానం నా ఒంట్లోంచి ఎక్కడికో పోవాలి. అది నాకంటే కిందనున్న మనిషి మీదకి పోతుంది. లేబర్ రూమ్‌లో నాకంటే కిందనున్నది ఒక్కరే, బల్ల మీద పడుకున్న ఆమె. 1998లో రేచల్ జూక్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు దక్షిణాఫ్రికా ప్రసూతి విభాగాలు చూసి, నర్సులు ఇలా ఎందుకు చేస్తారని రాశారు. పేషెంట్లకీ తమకీ మధ్య దూరం నిలబెట్టుకోవడానికి, పెత్తనం తమదేనని చూపించడానికి అని అందులో ఉంది. చదువుతుంటే ఎవరో నా పక్కన నిలబడి నన్ను చూసి రాసినట్టుంది. సిబ్బందిని పెంచాలి, మమ్మల్నీ మనుషుల్లా చూడాలి. దాని కోసం నేను అడుగుతూనే ఉంటాను. కానీ సిబ్బంది పెరిగేదాకా కొడతానని ఏ తల్లికీ చెప్పలేను.

తోడు మనిషి సంగతి. నొప్పులు పడేటప్పుడు పక్కన మనకి నచ్చిన ఒక మనిషి ఉంటే మేలని పెద్ద ఆధారమే ఉంది. 2017లో, వైద్య అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు 17 దేశాల్లో జరిగిన 26 అధ్యయనాలు, 15,000 మందికి పైగా స్త్రీల వివరాలు కలిపి చూశారు. తోడున్న వాళ్లకి నొప్పుల సమయం కొంత తగ్గింది, సిజేరియన్లు తగ్గాయి, ప్రసవం గురించి చేదు జ్ఞాపకాలు తగ్గాయి. మేం మాత్రం ఎవరినీ లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. ఇన్‌ఫెక్షన్ వస్తుంది, జనం ఎక్కువైపోతారు, పక్క బల్లల వాళ్లకి ఇబ్బంది అని చెప్పేవాళ్లం. మూడో కారణం నిజమే, కర్టెన్లు లేవు కాబట్టి. మొదటి రెండూ పైకి చెప్పుకునేవి. సాక్షి ఉంటే నోరు అదుపులో పెట్టుకోవాలి. అసలు కారణం అది.

ఆ మధ్యాహ్నానికి మళ్లీ వస్తాను. ఆవిడ చెప్పడం అయిపోయింది. నేను "తప్పు నాదేనమ్మా. మిమ్మల్ని కొట్టకుండా ఉండాల్సింది. ఆ మాటలు అనకుండా ఉండాల్సింది. క్షమించండి" అన్నాను. ఇన్నేళ్లలో ఒక పేషెంటుతో ఆ మాట అనడం అదే మొదలు. గొంతు వణికింది. ఆవిడ ఏడుస్తుందేమో, పరవాలేదు సిస్టర్ అంటుందేమో అనుకున్నాను.

ఆవిడ "సరే" అంది. తర్వాత, "మరి మీ నైట్ డ్యూటీ ఏ వారం?" అని అడిగింది.

కాగితం తీసి రాసిచ్చాను.

అప్పటి నుంచి మా గదిలో కొన్ని మార్పులు చేశాం. నాతో పాటు డ్యూటీ చేసే సిస్టర్‌కి అంతా చెప్పాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. "నేనూ చేశాను, నాకూ లెక్క లేదు" అంది. ఇద్దరం కలిసి పాత దుప్పట్లు తాళ్లకి వేసి బల్లల మధ్య కర్టెన్లు కట్టాం. కర్టెన్ వచ్చాక తోడు మనిషిని రానివ్వకపోవడానికి సాకు పోయింది. ఒక్కరిని, ఆమె ఎవరిని కోరితే వాళ్లని లోపలికి రానిస్తున్నాం. డ్యూటీ డాక్టర్ మొదటి రోజు విసుక్కున్నాడు. నాలుగో రోజు ఒకామె అక్క పక్కనుండి వీపు రాస్తూ, నీళ్లు తాగిస్తూ, మాకు సగం పని తగ్గిస్తుంటే చూసి ఇంకేమీ అనలేదు. అరవొద్దని చెప్పడం మానేశాం. అరిస్తే మా చెవులకి ఇబ్బంది తప్ప బిడ్డకేం కాదు. వెల్లకిలా పడుకోబెట్టి ఉంచడం తగ్గించాం. నడవగలిగినామెని నడవనిస్తున్నాం, పక్కకి తిరిగి పడుకుంటానంటే పడుకోనిస్తున్నాం. చదువుకునే అమ్మాయిలు ఇప్పుడు ముందు తమ పేరు చెప్పి, "నేను నేర్చుకుంటున్నాను, చూడొచ్చా?" అని అడుగుతారు. వద్దంటే వద్దు. ఇప్పటిదాకా చాలామంది సరే అనే అన్నారు.

అంతా మారిపోయిందని చెప్పను. పది రోజుల కిందట ఒకామె మీద "ముక్కమంటే ముక్కవేం!" అని గట్టిగా అరిచాను. నోట్లోంచి వచ్చేశాక వినపడింది. గది నిశ్శబ్దమైపోయింది. ఆమె తోడుగా వచ్చిన తల్లి నా వైపు చూసింది. ఆ చూపుకే నేను తగ్గాను. బిడ్డని తల్లి గుండె మీద పెట్టాక దగ్గరికి వెళ్లి, "అరిచాను, తప్పు" అని చెప్పాను. 17 ఏళ్ల అలవాటు దుప్పటి కర్టెన్ కట్టినంత సులువుగా పోదు. భయపెడితే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి నొప్పులే నెమ్మదిస్తాయని నేను చదువుకున్న పాఠంలోనే ఉంది. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. చేతిలోకి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆవిడ నొప్పులతో వచ్చింది. నేను రాసిచ్చిన కాగితం ప్రకారం ఆ వారం నాకు పగలు డ్యూటీ. కానీ ఒక సిస్టర్‌కి జ్వరం వచ్చి, ఆ రాత్రి నేను ఉండాల్సి వచ్చింది. రాత్రి 2:40కి తలుపు తీసుకుని, వాళ్ల అక్క చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

నేను దగ్గరికి వెళ్లలేదు. ఉన్నచోటే నిలబడి అడిగాను. "ఈ రాత్రి నేనున్నానమ్మా, డ్యూటీ మారింది. నేను చూడనా, ఇంకో సిస్టర్‌ని పిలవనా?"

అప్పుడే నొప్పి వచ్చింది ఆవిడకి. గోడ పట్టుకుని కళ్లు మూసుకుంది. అది తగ్గేదాకా నేనూ మాట్లాడలేదు. కళ్లు తెరిచి, "ఇంకో సిస్టర్‌ని పిలవండి" అంది.

ఆ సిస్టర్ రెండో బల్ల దగ్గర ఉంది. రావడానికి కాస్త సమయం పడుతుంది. "ఆవిడ వచ్చేదాకా బీపీ ఒక్కటి చూడనా?" అని అడిగాను. ఆలోచించి చెయ్యి చాపింది. 124, 80. బిడ్డ గుండె 142. రాసి పెట్టి, వెళ్లి ఆ సిస్టర్‌ని పంపి, నేను రెండో బల్ల తీసుకున్నాను.

దుప్పటి అవతల ఆవిడ చాలాసార్లు అరిచింది. వాళ్ల అక్క ఏదో మెల్లగా చెప్తూనే ఉంది. 4:52కి బిడ్డ ఏడుపు వినపడింది, ఆలస్యం లేకుండా.

నా బల్ల మీదామెకి అప్పటికే బిడ్డ పుట్టింది. కొంచెం చీరుకుంది, కుట్లు వేయాలి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కాసేపు ఆగి, పేరు పెట్టి పిలిచి, సూది తాకించి అడిగాను, "తెలుస్తోందా అమ్మా?"

"ఇంకా తెలుస్తోంది సిస్టర్" అంది.

సూది ట్రేలో పెట్టేసి ఆగాను.